గుల్మార్గ్‌కి పోలరైజ్డ్ గాగుల్సే కావాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఫిబ్రవరిలో కుటుంబంతో గుల్మార్గ్ వెళ్తున్నారు. ఆయన స్కీయింగ్ బేసిక్ కోర్సు చేస్తారు. ఇంటర్ చదివే అబ్బాయి స్నోబోర్డ్ నేర్చుకుంటాడు. వాళ్లావిడ గొండోలా, అంటే కొండ మీదకి తీసుకెళ్లే కేబుల్ కారు, ఎక్కి మంచు చూసి వస్తారు. ఆయనకి మైనస్ 3 పవర్ ఉంది. ఆన్‌లైన్‌లో నచ్చిన స్కీ గాగుల్స్ మామూలు లెన్సుతో నాలుగు వేలు, అదే మోడల్ పోలరైజ్డ్ అయితే ఎనిమిది వేలు. డెన్వర్‌లో ఉండే బావమరిది మాత్రం పోలరైజ్డ్ కాకపోతే అసలు కొనొద్దు బావా అంటున్నాడట. ఎవరి మాట వినాలి?

నేను విజయవాడ గవర్నర్‌పేటలో కళ్లద్దాల షాపు నడుపుతాను. చలికాలంలో వీలు దొరికితే గుల్మార్గ్‌కో ఔలీకో వెళ్లి స్కీయింగ్ చేసే అలవాటుంది. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

జవాబు ముందే చెప్పేస్తానండి. మీకు, మీ అబ్బాయికి పోలరైజ్డ్ గాగుల్స్ అక్కర్లేదు. ఆ మిగిలే డబ్బుతో మబ్బు రోజులకి పనికొచ్చే రెండో లెన్సు కొనండి. మీ ఆవిడకి మాత్రం పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు కొనండి. అవి ఇంటికొచ్చాక కూడా రోజూ పనికొస్తాయి.

ఎందుకంటే పోలరైజ్డ్ లెన్సు అంటే మనకి ఒక రకం గురి కుదిరిపోయింది. దానికి కారణం మన ఊరి ఎండే. కృష్ణలో నీళ్లు నిండుగా ఉన్న రోజు సాయంత్రం నాలుగున్నరకి సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా బెజవాడ వస్తూ చూడండి. ఎడమ చేతి వైపు నీళ్ల మీంచి లేచే మెరుపుకి కళ్లు తెరవలేం. పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకున్న క్షణంలో ఆ మెరుపు మాయమై, నీళ్ల అసలు రంగు కనిపిస్తుంది. వాన వెలిసిన తర్వాత గుంటూరు హైవే మీద తడి రోడ్డు మెరిసేటప్పుడూ అంతే. ఇది ఒకసారి చూసినవాళ్లు మంచు మీద ఇంకెంత బాగుంటుందో అనుకుంటారు. బాగానే ఉంటుంది కానీ, ఇంత తేడా కనపడదు.

వెలుతురు అలలు మామూలుగా అన్ని దిక్కులకీ ఊగుతూ వస్తాయి. నీళ్లలాంటి నున్నటి తలం మీద పడి తిరిగి లేచేటప్పుడు వాటిలో అడ్డంగా ఊగేవే ఎక్కువగా మిగులుతాయి. నీటి విషయంలో, నిట్టనిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీల కోణంలో తిరిగొచ్చే వెలుతురు పూర్తిగా అడ్డంగా ఊగేదే. ఈ కోణం లెక్కని బ్రూస్టర్ 1815లో తేల్చాడు. పోలరైజ్డ్ లెన్సులో ఉండే పల్చటి పొర నిలువుగా ఊగే వెలుతురునే వదులుతుంది, అడ్డంగా ఊగేదాన్ని ఆపేస్తుంది. కృష్ణ మీది మెరుపులో ఎక్కువ భాగం అడ్డంగా ఊగేదే కాబట్టి అది పోతుంది.

మరి కొత్తగా పడిన మంచు సంగతేంటి? పంచదార కుప్ప చూడండి. ఒక్కో పలుకు గాజులా ఉంటుంది, కుప్ప మాత్రం తెల్లగా ఉంటుంది. వెలుతురు లోపలికి పోయి, పలుకు నుంచి పలుకుకి తగిలి, ఎటు పడితే అటు తిరిగి బయటికొస్తుంది. పొడి మంచూ అంతే. అన్నిసార్లు తగిలి బయటపడిన వెలుతురులో అడ్డం, నిలువు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందులోంచి తీసెయ్యడానికి పోలరైజ్డ్ పొరకి ప్రత్యేకంగా ఏమీ దొరకదు. మామూలు నల్ల లెన్సులాగే మొత్తం వెలుతురుని తగ్గిస్తుంది, అంతే. ఆ పని నాలుగు వేల లెన్సు కూడా చేస్తుంది.

మంచు అన్ని రోజులూ పొడిగా ఉండదు, ఒప్పుకుంటాను. పగలు ఎండకి పైపొర కరిగి రాత్రికి గడ్డకడితే, మర్నాడు పొద్దున వాలు మీద గాజు పూసినట్టు ఉంటుంది. మార్చిలో మధ్యాహ్నానికి మంచు తడిసి ముద్దవుతుంది. ఆ రెండు వేళల్లో పోలరైజ్డ్ లెన్సు పనితనం కనిపిస్తుంది. ఫిబ్రవరిలో కొత్త మంచు పడుతుండగా వెళ్లే మీకు ఆ అవసరం తక్కువ.

ఇక్కడే ఇంకో పేచీ ఉంది. గట్టిపడిన ఐస్ మెరుస్తుంది, పక్కనున్న మెత్తటి మంచు మెరవదు. ఆ తేడా చూసే స్కీయర్లు ఐస్ ఉన్న చోటు పసిగట్టి, అక్కడ మలుపు తిప్పకుండా జాగ్రత్తపడతారు. పోలరైజ్డ్ లెన్సు ఆ మెరుపునే తీసేస్తుంది. దీని మీద స్కీయర్ల మధ్య ఎప్పటి నుంచో వాదన ఉంది. మెరుపు పోతే వాలులో ఎగుడుదిగుళ్లు ఇంకా బాగా కనపడతాయని కొందరంటారు. ఐస్ దాక్కుంటుందని మరికొందరంటారు. పరిస్థితిని బట్టి రెండూ నిజమే. నేనైతే పొద్దున్నే గట్టి వాలు మీదకి దిగేటప్పుడు పోలరైజ్డ్ పెట్టుకోను. మీరు దిగేది బిగినర్ల వాలు, వేగం తక్కువ కాబట్టి ఈ పాయింటుకి టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన దాని గురించి. కంటికి మెరుపుగా తెలిసేది వేరు, కంటిని కాల్చేది వేరు. కాల్చేది అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. అది కంటికి కనపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గడ్డి, నేల, నీళ్లు తమ మీద పడిన యూవీలో 10 శాతం కూడా తిరిగి పంపవు. సముద్రపు ఒడ్డున పొడి ఇసుక 15 శాతం దాకా పంపుతుంది. కొత్త మంచు మాత్రం 80 శాతం దాకా పంపుతుంది. అంటే కళ్లు జిగేల్మనిపించే కృష్ణ నీళ్లు యూవీ విషయంలో దాదాపు సాధువులు. దానికి తోడు ఎత్తు పెరిగే కొద్దీ, ప్రతి వెయ్యి మీటర్లకీ యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గొండోలా రెండో దశ దిగే అఫర్వట్ దగ్గర నాలుగు వేల మీటర్లకి కాస్త తక్కువ.

మన మే నెల ఎండ కంటే కాశ్మీర్ ఫిబ్రవరి ఎండ ఎక్కువా అని అడుగుతారు. పైనుంచి పడేది చూస్తే తక్కువే. గుల్మార్గ్ 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చలికాలంలో సూర్యుడు బాగా కిందుగా ఉంటాడు. కానీ రోహిణీ కార్తె ఎండ నెత్తి మీద పడుతుంది. కనుబొమ్మలు, కనురెప్పలు, టోపీ అంచు దాన్ని చాలా వరకు ఆపుతాయి. మంచు మీద కిరణాలు కిందినుంచీ పక్కనుంచీ నేరుగా కంట్లోకి వస్తాయి. వాటిని ఆపడానికి ప్రకృతి మన మొహంలో ఏ ఏర్పాటూ పెట్టలేదు. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు ఎముకతోనో చెక్కతోనో కళ్లకి కప్పు చేసుకుని, సన్నటి గాటు మాత్రం ఉంచి చూసేవారు. అందులో లెన్సే లేదు. కంట్లోకి పోయే వెలుతురుని తగ్గించడమే పని.

అందుకే గాగుల్స్ పెట్టె మీద మొదట వెతకాల్సిన మాట యూవీ 400. అంటే అల పొడవు 400 నానోమీటర్ల లోపు ఉన్న యూవీ కిరణాలన్నీ ఆగిపోతాయని. పోలరైజ్డ్ అని రాసినంత మాత్రాన యూవీ ఆగుతుందని అర్థం కాదు. ముదురు రంగు ఉన్నంత మాత్రానా కాదు. యూవీ ఆపని ముదురు ప్లాస్టిక్ పెట్టుకుంటే ఇంకా చేటు. చీకటికి కంటిపాప పెద్దదై మరింత యూవీని లోపలికి రానిస్తుంది. ఊరట ఏంటంటే స్కీ గాగుల్స్‌లో ఎక్కువగా వాడే పాలికార్బొనేట్, ఏ రంగూ లేకపోయినా యూవీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. పేరున్న కంపెనీ సరుకైతే ఈ విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. స్కీ గాగుల్స్‌కి ఐఎస్‌ఓ 18527-1 అని ప్రమాణం ఉంది, దానికి ముందు యూరప్‌లో ఈఎన్ 174 ఉండేది. అమెరికా సరుకు మీద ఏఎస్‌టీఎమ్ ఎఫ్659 అని ఉండొచ్చు. వీటిలో ఏదో ఒకటి కనపడాలి. ఏదీ లేకుండా వందల రూపాయలకి దొరికే బైకు గాగుల్స్ మంచు మీదకి వద్దు.

రెండోది, లెన్సు ఎంత వెలుతురుని లోపలికి వదులుతుందన్న లెక్క. దీన్ని వీఎల్‌టీ అంటారు. పెట్టె మీద శాతంగానో ఎస్0 నుంచి ఎస్4 దాకా ఒక గుర్తుగానో ఉంటుంది. ఎస్0 అంటే 80 శాతానికి పైగా వదిలేది, రాత్రి వాడకానికి. ఎస్1 అయితే 43 నుంచి 80 దాకా, మబ్బు రోజుకి. ఎస్2 అంటే 18 నుంచి 43. ఎస్3 అంటే 8 నుంచి 18, మంచి ఎండకి. ఎస్4 అంటే 3 నుంచి 8 మాత్రమే, ఎత్తయిన హిమానీ నదాల మీద వాడేది. ఎస్4తో బండి నడపకూడదు. మీకు ఎస్3 ఒకటి, ఎస్1 ఒకటి ఉంటే గుల్మార్గ్‌లో ఏ రోజుకైనా సరిపోతుంది. ఒక్కటే కొంటానంటే ఎస్2 తీసుకోండి. నడి ఎండలో కాస్త ఎక్కువ వెలుతురు అనిపిస్తుంది, మబ్బులో కాస్త తక్కువ అనిపిస్తుంది, సర్దుకుపోవచ్చు.

పోలరైజ్డ్ వద్దనడానికి నాకున్న పెద్ద కారణం ఈ లెక్కలోనే ఉంది. పోలరైజ్డ్ పొర ఎంత మంచిదైతే అంత నిక్కచ్చిగా సగం వెలుతురుని ఆపేస్తుంది. దాని పనే అది. మామూలు వెలుతురులో అడ్డం సగం, నిలువు సగం అనుకుంటే, సగానికి మించి ఏ మంచి పోలరైజరూ వదల్లేదు. పైన లెన్సు రంగు వేరే. కాబట్టి పోలరైజ్డ్ స్కీ లెన్సులు దాదాపు అన్నీ ఎస్2, ఎస్3 దగ్గరే ఆగుతాయి. అసలు సిసలు మబ్బు రోజు లెన్సు పోలరైజ్డ్‌గా దొరకడం కష్టం.

మబ్బు రోజే స్కీయింగ్‌లో కష్టమైన రోజు. ఎండ రోజు కళ్లు నొప్పి పుడతాయేమో కానీ దారి కనపడుతుంది. మబ్బు దిగి, సన్నగా మంచు రాలుతుంటే నీడలు మాయమైపోతాయి. ముందున్నది గుంటో మిట్టో తెలీదు, ఆకాశం ఎక్కడ ఆగి వాలు ఎక్కడ మొదలైందో తెలీదు. స్కీయర్లు దీన్ని ఫ్లాట్ లైట్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ రోజుల్లోనే ఎక్కువ పడతారు. పోలరైజ్డ్ లెన్సు అప్పుడు ఏ సాయమూ చెయ్యదు సరికదా, ఉన్న కాస్త వెలుతురులో సగం తినేస్తుంది. ఆ వేళ కావాల్సింది గులాబీ రంగో, పసుపో, లేత ఆంబరో ఉన్న ఎస్1 లెన్సు. ఇవి నీలం వెలుతురుని కొంత తగ్గించి, నీడల తేడాని కాస్త ఎత్తి చూపిస్తాయి. గుంటలు అద్దంలా కనపడతాయని చెప్పను కానీ, వాలు ఉందని తెలుస్తుంది. ఓక్లీ వాళ్ల ప్రిజ్మ్, స్మిత్ వాళ్ల క్రోమాపాప్ లాంటివి రంగుల్ని ఎంచి వడగట్టి ఇదే పని ఇంకా బాగా చేస్తాయి. చాలామంది వాటిని పోలరైజ్డ్ అనుకుంటారు. రెండూ వేరు. రంగు వడగట్టడం ఒకటి, ఊగే దిక్కుని వడగట్టడం ఇంకొకటి. మీ బావమరిది వాడేది కూడా ఏదైనా ఇలాంటి కాంట్రాస్ట్ లెన్సేమో ఒకసారి అడిగి చూడండి. నాకు అదే అనుమానం.

మిర్రర్ కోటింగ్ సంగతీ అంతే. బయటికి నీలంగా, నారింజగా మెరిసే అద్దాలు పోలరైజ్డ్ కానవసరం లేదు. కొంత వెలుతురుని వెనక్కి కొడతాయి, ఫొటోల్లో బాగుంటాయి. మీ అబ్బాయి అదే అడుగుతాడు, కొనిపెట్టండి, తప్పు లేదు. ఎండని బట్టి తనంతట తాను ముదిరే ఫొటోక్రోమిక్ లెన్సు మంచిదే కానీ ఖరీదు. చలిలో ఇంకా ముదురుగా మారి, తిరిగి తేలికవడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. ఎండ వాలు నుంచి దేవదారు చెట్ల నీడలోకి దూసుకెళ్లినప్పుడు ఆ ఆలస్యం తెలుస్తుంది.

ఇక మీ మైనస్ 3. ప్రశ్నలో దీన్ని ఒక్క ముక్కలో దాటేశారు గానీ, మీ విషయంలో ముఖ్యమైనది ఇదే. వాలు మీద పవర్ లేకుండా దిగితే లెన్సు ఏ రకమైనా ఒకటే, ఏదీ కనపడదు. మీకు మూడు దారులున్నాయి.

కళ్లద్దాల మీదే పెట్టుకునే గాగుల్స్ ఉన్నాయి, వాటిని ఓటీజీ అంటారు. లోపల చోటు ఎక్కువగా ఉండి, ఫోమ్‌లో కాడల కోసం గాళ్లు ఉంటాయి. మీరు రోజూ పెట్టుకునే ఫ్రేమ్‌తోనే వేసి చూడాలి. ఈమధ్య ఫ్యాషన్ అయిన వెడల్పాటి ఫ్రేములు వాటిలో పట్టవు. చిన్న ఫ్రేములో ప్లాస్టిక్ లేదా పాలికార్బొనేట్ లెన్సుతో ఒక జత చేయించుకుంటే మేలు. గాజు లెన్సు మాత్రం వద్దు. పడినప్పుడు గాగుల్స్ మొహానికి నొక్కుకుంటాయి. దీనిలో ఇబ్బంది ఆవిరి. గాగుల్స్ లోపలి లెన్సుకి యాంటీ ఫాగ్ పూత ఉంటుంది, మీ కళ్లద్దాలకి ఉండదు. కాబట్టి గాగుల్స్ శుభ్రంగా ఉన్నా, లోపల మీ అద్దాలు మసకబారతాయి.

రెండోది, గాగుల్స్ లోపల బిగించే పవర్ ఇన్సర్ట్. చిన్న ఫ్రేములో మీ పవర్ లెన్సులు వేసి, గాగుల్స్ వెనక క్లిప్ చేస్తాం. కాడలు ఉండవు కాబట్టి ఒత్తుకోదు. ఆవిరి ఇబ్బంది దీనికీ ఉంది.

మూడోది, నేను మీకు చెప్పేది, రోజువారీ పారేసే కాంటాక్ట్ లెన్సులు. గాగుల్స్ లోపల గాలి విసురు తగలదు, ఆవిరి పట్టే అద్దం ఒకటి తగ్గుతుంది, పక్క చూపు పూర్తిగా ఉంటుంది. చలికి కంట్లో లెన్సు గడ్డకడుతుందని కొందరు భయపడతారు. కంటి వేడికి అలా జరగదు. కానీ అలవాటు లేకుండా గుల్మార్గ్ హోటల్లో చలికి వణికే వేళ్లతో మొదటిసారి పెట్టుకోవద్దు. కనీసం ఒక నెల ముందు కంటి పరీక్ష చేయించుకుని, ఇక్కడే పెట్టడం, తియ్యడం నేర్చుకోండి. కళ్లద్దాలు కూడా జేబులో పట్టుకెళ్లండి. యూవీ ఆపే కాంటాక్ట్ లెన్సు ఉంది కదా, గాగుల్స్ ఎందుకనుకోకండి. అది నల్లగుడ్డునే కప్పుతుంది, తెల్లగుడ్డునీ రెప్పల్నీ కాదు.

ఆవిరి గురించి ఇంకొంచెం. బెజవాడలో ఏసీ కారులోంచి దిగితే అద్దాల బయటివైపు మసకబారుతుంది, ఎందుకంటే అద్దం చల్లగా ఉంటుంది, బయట గాలి ఉక్కగా ఉంటుంది. మంచు మీద ఇది తిరగబడుతుంది. బయట పొడిగా, చల్లగా ఉంటుంది. ఉక్కపోతంతా మన మొహం నుంచి, చెమట నుంచి, ఊపిరి నుంచి లోపల తయారవుతుంది. అందుకే స్కీ గాగుల్స్‌కి రెండు లెన్సులు ఉంటాయి, మధ్యలో గాలి పొర. లోపలి లెన్సు మరీ చల్లబడకుండా అది కాపాడుతుంది. ఒకే పొర ఉన్న గాగుల్స్ ఎంత చవకైనా వద్దు. అంచుల్లో గాలి ఆడే సందులు ఉండాలి, వాటిని టోపీతోనో మఫ్లర్‌తోనో మూసేయకూడదు. మనవాళ్లు చలికి భయపడి మంకీ క్యాప్ మీద మఫ్లర్ ముక్కు దాకా కట్టి, దాని మీద గాగుల్స్ పెడతారు. ఊపిరంతా పైకి తన్ని రెండు నిమిషాల్లో అంధకారమే. ముక్కు బయట ఉంచండి.

లోపలి వైపు చెయ్యి పెట్టి తుడవొద్దు. ఆ పూత తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది, రుద్దితే గీతలు పడి ఊడిపోతుంది. మంచు లోపల పడితే దులిపి, మెత్తటి గుడ్డతో అద్దండి, అంతే. విరామంలో గాగుల్స్‌ని నుదుటి మీదకి తోసుకోవద్దు, చెమట ఆవిరి మొత్తం ఫోమ్ పీల్చుకుంటుంది. గదికి వచ్చాక బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే పొయ్యి, పక్కన ఆరబెట్టొద్దు. కాశ్మీర్ హోటళ్లలో అందరూ చేసే పని అది. వేడికి ఫోమ్ జిగురు వదులుతుంది, రెండు లెన్సుల మధ్య అతుకూ దెబ్బతింటుంది. పోలరైజ్డ్‌కి ఈ భయం ఇంకా ఎక్కువ, అది పొరలు పొరలుగా అతికించిన సరుకు. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసి, అంచులు పొరలు లేచిన కూలింగ్ గ్లాసులతో మా షాపుకి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

మీ అబ్బాయికి ఒక మాట వేరుగా చెప్పాలి. స్నోబోర్డ్ మీద మనిషి పక్కకి తిరిగి నిలబడతాడు. ఒక వైపు ఎప్పుడూ వీపు వెనకే ఉంటుంది. మడమల వైపు మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి ఎవరొస్తున్నారో పక్క చూపుతోనే పసిగట్టాలి. కాబట్టి అతనికి ముఖ్యం వెడల్పాటి చూపు. బంతి వంపులా పైకీ పక్కకీ వంగిన లెన్సుని స్ఫెరికల్ అంటారు, పక్కకి మాత్రమే వంగినదాన్ని సిలిండ్రికల్ అంటారు. స్ఫెరికల్‌లో పై కింద చూపు ఎక్కువ, చూసేది వంకరగా కనపడటం తక్కువ, ధర ఎక్కువ. రెంటికీ మధ్యరకం టోరిక్. సిలిండ్రికల్‌లోనూ మంచి వెడల్పువి దొరుకుతాయి, నేర్చుకునే వయసులో అది చాలు. స్నోబోర్డ్ నేర్చుకునేవాడు మొదటి రోజుల్లో మంచులోనే ఎక్కువ సేపు కూర్చుంటాడు, దొర్లుతాడు. గాగుల్స్ లోపలికి మంచు పోకపోతే చాలు అన్నట్టుంటుంది అతని పరిస్థితి. ముక్కు దగ్గర సందు లేకుండా పట్టేది చూడండి. కొన్ని కంపెనీలు లో బ్రిడ్జ్ ఫిట్ అని వేరే కొలత అమ్ముతాయి. ముక్కు దూలం అంత ఎత్తుగా లేనివాళ్లకి అది బాగా పడుతుంది.

హెల్మెట్ అద్దెకి తీసుకుంటారు కాబట్టి, మీ గాగుల్స్ పట్టీ దాని మీద నిలుస్తుందా, హెల్మెట్ అంచుకీ గాగుల్స్‌కీ మధ్య నుదురు బయటపడుతోందా అని అక్కడే వేసుకుని చూడండి. సందు ఉంటే ఇంకో హెల్మెట్ అడగండి. గాగుల్స్ మాత్రం అద్దెకి తీసుకోవద్దు. గీతలు పడి, పూత పోయి, ఎవరెవరి చెమటో పీల్చిన ఫోమ్‌తో ఉంటాయి.

షాపులో పరీక్షల గురించి ఎలాగూ అడుగుతారు. బీసెంట్ రోడ్డులో పోలరైజ్డ్ అని ఇచ్చింది నిజంగా పోలరైజ్డేనా అంటే, ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర ముందు పెట్టి మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర దాదాపు నల్లబడితే నిజం. ఫోన్లతో చూడొద్దు, కొన్ని ఫోన్ల తెరలు ఏ కోణంలోనూ నల్లబడవు. మంచు మీద ఇదే ఇంకో ఇబ్బందిగా మారుతుంది. పోలరైజ్డ్ గాగుల్స్ లోంచి కొన్ని వాచీలు, కెమెరా తెరలు నల్లగా కనపడతాయి. లెన్సు లోంచి కరెన్సీ నోటు మీద ఊదా రంగు యూవీ టార్చి కొట్టి, నోటు మీద మెరుపు ఆగింది చూశారా, యూవీ ఆగిందని షాపువాళ్లు చూపించే విద్య నమ్మొద్దు. ఆ టార్చిలు చాలా వరకు యూవీ అంచు మీద, కంటికి కనపడే ఊదాకి దగ్గరగా వెలుగుతాయి. మంచి లెన్సు కూడా దానిలో తప్పినట్టు, చెత్త ముదురు లెన్సు నెగ్గినట్టు కనపడొచ్చు. దగ్గర్లో ఏదైనా కళ్లద్దాల షాపులో యూవీ మీటర్ ఉంటే దానిలో పెట్టి చూపించమనండి, డబ్బులడగరు.

ఇవన్నీ చేసినా ఎవరో ఒకరు ఫొటో కోసం గాగుల్స్ తీసి గంటలు గంటలు తిరుగుతారు. మంచు అంధత్వం అంటే కంటి పైపొరకి ఎండ దెబ్బ. అప్పుడే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, రాత్రి పడుకునే వేళకి కంట్లో ఇసుక పోసినట్టు మొదలై, నీళ్లు కారి, వెలుతురు చూడలేనంత అవుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కళ్లు నలపొద్దు. కాంటాక్ట్ లెన్సులు తీసెయ్యాలి, చీకటి గదిలో ఉండాలి, చల్లటి తడి గుడ్డ వెయ్యాలి, డాక్టరుకి చూపించాలి. మెడికల్ షాపులో అడిగి నొప్పి తెలియకుండా చేసే చుక్కలు కొని వేసుకోవద్దు. నొప్పి పోతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలూ వద్దు. ఈ ఒక్క విషయంలో మనవాళ్ల సొంత వైద్యం నాకు భయం.

మీ ఆవిడకి పోలరైజ్డ్ ఎందుకన్నానో చెప్పలేదు. ఆవిడ దూకేది లేదు, పడేది లేదు. గాగుల్స్ అక్కర్లేదు. పక్కలు మూసుకునే వంపు ఫ్రేములో యూవీ 400, ఎస్3 ఉన్న కూలింగ్ గ్లాసులు సరిపోతాయి. అవే పోలరైజ్డ్ అయితే తిరిగొచ్చాక బ్యారేజీ మీద, హైవే మీద బండి నడిపేటప్పుడు ఆ ఖరీదు గిట్టుబాటవుతుంది. పోలరైజ్డ్ గాగుల్స్ ఎవరికి అంటే, మార్చి ఎండల్లో ఎక్కువగా వెళ్లేవాళ్లకి, మెరుపుకి తలనొప్పి తట్టుకోలేనివాళ్లకి, ఇప్పటికే రెండు జతలుండి మూడోది కొనేవాళ్లకి. మీరు ఆ లెక్కలో లేరు.

మనూళ్లలో స్కీ గాగుల్స్ చేత్తో పట్టుకుని చూసే షాపులు దొరకడం కష్టం. డెకాథ్లాన్ వాళ్ల స్కీ గాగుల్స్ మీద ఎస్1, ఎస్3 అన్న గుర్తు స్పష్టంగా ఉంటుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఏది కొన్నా వాపసు గడువు ఉన్నది చూసి, జనవరి మొదట్లోనే తెప్పించండి. వచ్చిన రోజే కళ్లద్దాలు పెట్టుకుని, దాని మీద గాగుల్స్ వేసుకుని, ఏసీ గదిలో ఇరవై నిమిషాలు కూర్చోండి. ముక్కు దగ్గర ఒత్తినా, కణతల దగ్గర కాడ గుచ్చినా తిరిగి పంపెయ్యండి, మంచు మీద అది సర్దుకోదు. లెన్సు మార్చడం ఇంట్లోనే పది సార్లు చేసి చూడండి. అయస్కాంతంతో అతుక్కునేవి సులువు, పాత పద్ధతి బిగింపువి చేతి తొడుగులతో మార్చడం నరకం. మీ ఫ్రేము కొలత, గాగుల్స్ మోడల్ పేరు ఇక్కడ పెడితే, ఓటీజీలో మీ అద్దాలు పడతాయో లేదో చెప్తాను.